రిటైరయ్యాక ప్రయాణాలు ఎక్కువా? చేతిలో ఉన్న హెల్త్ కార్డు ఎక్కడ ఆగిపోతుందో, అదనపు బీమా ఎక్కడ అవసరమో తెలుసుకోండి

హౌరా స్టేషన్ నుంచి ఖరగ్‌పూర్ వైపు రైలు కదిలితే మొదట వచ్చే స్టేషన్ టికియాపారా. పట్టాల పక్కన లోకల్ రైళ్ల కార్‌షెడ్, దాని చుట్టూ రైల్వే మీద ఆధారపడి బతికే బస్తీలు. సికింద్రాబాద్ వెళ్లే ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఈ స్టేషన్ మీదుగానే పోతుంది.

తెలుగువారికి ఈ లైన్‌తో పాత సంబంధం ఉంది. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, ఆ తర్వాత 1955లో వచ్చిన ఆగ్నేయ రైల్వే ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలను ఖరగ్‌పూర్‌కు, హౌరా చుట్టుపక్కలకు తీసుకొచ్చాయి. అలా వచ్చినవారి తర్వాతి తరాలు కూడా రైల్వేలోనే చేరి, ఇక్కడే రిటైరయ్యాయి.

రిటైరైనంత మాత్రాన ఈ కుటుంబాలకు ప్రయాణాలు తగ్గవు. సంక్రాంతికి శ్రీకాకుళం జిల్లాలోని సొంతూరు, మనవడి పుట్టినరోజుకు హైదరాబాద్, కూతురి కాన్పుకు అమెరికా. రైల్వే పాసు ఉంటుంది కాబట్టి రైలు ఖర్చు పెద్ద సమస్య కాదు. అసలు చిక్కు దారిలోనో, వెళ్లినచోటో ఒంట్లో బాగోలేకపోతే వస్తుంది. హౌరాలో పనిచేసే హెల్త్ కార్డు టెక్కలిలో పనిచేస్తుందా? హైదరాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో? న్యూజెర్సీలో?

అదనపు ఆరోగ్య బీమా కొనే ముందు వేసుకోవాల్సిన ప్రశ్న ఇదే. చాలామంది 'ఏ కంపెనీ మంచిది?' అన్న ప్రశ్నతో మొదలుపెడతారు. తరచూ తిరిగేవారు మాత్రం ఇప్పుడున్న రక్షణ ఏ ఊరి దగ్గర ఆగిపోతుందో ముందు చూసుకోవాలి. కొనాల్సింది ఆ ఖాళీని పూడ్చే పాలసీనే. టికియాపారాలోని రైల్వే పెన్షనర్‌ను ఉదాహరణగా తీసుకుంటే విషయం సులువుగా అర్థమవుతుంది. మిగతా పెన్షనర్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది.

రైల్వే పెన్షనర్ల చేతిలో ఉన్నదేమిటి?

రైల్వేలో రిటైరైనవారికి ఆర్‌ఈఎల్‌హెచ్‌ఎస్-97 అనే వైద్య పథకం ఉంది. రిటైరయ్యేటప్పుడు ఒకసారి చందా కట్టి చేరితే ఉద్యోగికి, జీవిత భాగస్వామికి రైల్వే ఆసుపత్రుల్లో జీవితాంతం వైద్యం అందుతుంది. గుర్తింపుగా 'ఉమీద్' కార్డు ఇస్తారు. ఆ కార్డుతో సొంత జోన్‌లోనే కాకుండా దేశంలోని ఏ రైల్వే ఆసుపత్రికైనా వెళ్లొచ్చు.

టికియాపారాలో ఉండేవారికి ఇది గట్టి రక్షణే. హుగ్లీ నదికి అవతల గార్డెన్ రీచ్‌లో ఆగ్నేయ రైల్వే సెంట్రల్ హాస్పిటల్ ఉంది. హౌరాలో తూర్పు రైల్వే ఆర్థోపెడిక్ ఆసుపత్రి ఉంది. అక్కడ కుదరని వైద్యానికి రైల్వే డాక్టరు రిఫరల్ రాసిస్తే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రికి పంపుతారు. వైద్యానికి పరిమితి ఇన్ని లక్షలని లేదు. పాత జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ కూడా లేదు. ఈ రెండూ మార్కెట్లో దొరికే చాలా పాలసీల్లో కనిపించవు.

అందుకే, ఈ కార్డు ఉన్నవారు 'ఎలాగూ ప్రైవేటు పాలసీ ఉందిగా' అని దాన్ని వదులుకోకూడదు. ప్రైవేటు బీమా దీనికి తోడుగా ఉండాలి గానీ, దీని స్థానంలోకి రాకూడదు.

కార్డు ఎక్కడ ఆగుతుంది?

కార్డు బలమంతా రైల్వే ఆసుపత్రి ఎంత దగ్గరలో ఉందన్న దాని మీదే ఆధారపడి ఉంటుంది. హౌరా నుంచి దక్షిణానికి వస్తుంటే ఖరగ్‌పూర్, ఖుర్దా రోడ్, విశాఖపట్నం, విజయవాడల్లో పెద్ద రైల్వే ఆసుపత్రులు ఉన్నాయి. సికింద్రాబాద్‌లో లాలాగూడ సెంట్రల్ హాస్పిటల్ ఉంది. వీటి మధ్య చాలాచోట్ల హెల్త్ యూనిట్లు మాత్రమే ఉంటాయి. అక్కడ బీపీ చూస్తారు, మందులు ఇస్తారు. గుండెపోటుకు అది సరిపోదు.

ఎమర్జెన్సీ అయితే ఒప్పందం ఉన్న ప్రైవేటు ఆసుపత్రిలో రిఫరల్ లేకుండానే చేరవచ్చు. ఒప్పందం లేని ఆసుపత్రిలో చేరితే ముందు బిల్లు కట్టి, తర్వాత రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు పెట్టుకోవాలి. అది నిజంగా ఎమర్జెన్సీయేనా అని పరిశీలించి నిర్ణీత రేట్ల మేరకే డబ్బు ఇస్తారు. కార్పొరేట్ ఆసుపత్రి బిల్లుకు, ఆ రేట్లకు మధ్య ఉన్న తేడాను పెన్షనరే భరించాలి.

ఈ లెక్కన మూడు ఖాళీలు బయటపడతాయి. మొదటిది, రైల్వే ఆసుపత్రికి దూరంగా ఉన్న సొంతూరు. అక్కడ వెంటనే నగదు కావాలి. రెండోది, పిల్లలు ఉండే మహానగరం. రైల్వే ఆసుపత్రి ఉన్నా కుటుంబం దగ్గరలోని కార్పొరేట్ ఆసుపత్రికే తీసుకెళ్తుంది, బిల్లు నిర్ణీత రేట్లను దాటిపోతుంది. మూడోది, విదేశం. అక్కడ ఈ కార్డుకు విలువే లేదు.

ప్రభుత్వ పథకాలు ఎంతవరకు ఆదుకుంటాయి?

70 ఏళ్లు నిండినవారి కోసం కేంద్రం 2024 అక్టోబరు 29న ఆయుష్మాన్ వయ వందన కార్డు తెచ్చింది. ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి రూ.5 లక్షల వరకు నగదు రహిత వైద్యం అందుతుంది. వయసు ఆధార్ ప్రకారం చూస్తారు. ప్రైవేటు పాలసీ ఉన్నవారు కూడా దీన్ని తీసుకోవచ్చు. కానీ సీజీహెచ్‌ఎస్, మాజీ సైనికుల ఈసీహెచ్‌ఎస్ వంటి ప్రభుత్వ పథకాల్లో ఉన్నవారు రెండింటిలో ఒకదాన్నే ఎంచుకోవాలి. రైల్వే పెన్షనర్లు ఈ కార్డుకు దరఖాస్తు చేసే ముందు, దానివల్ల రైల్వే వైద్యానికి ఇబ్బంది వస్తుందేమో తమ పెన్షన్ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తెలుసుకోవడం మంచిది.

బెంగాల్‌లో ఉండేవారికి మరో చిక్కు ఉంది. ఆ రాష్ట్రం 2019 జనవరిలో ఆయుష్మాన్ భారత్ నుంచి తప్పుకుంది. దాంతో 2024లో వయ వందన మొదలైనప్పుడు బెంగాల్ చిరునామా ఉన్న వృద్ధులకు అది అందలేదు. తమ రాష్ట్రం ప్రస్తుతం పథకంలో ఉందో లేదో చూసుకున్నాకే దీన్ని లెక్కలో వేసుకోవాలి.

సొంతూరు ఆంధ్రప్రదేశ్‌లో ఉందన్న కారణంతో ఆరోగ్యశ్రీ వర్తించదు. 2007లో శ్రీకాకుళం, మహబూబ్‌నగర్, అనంతపురం జిల్లాలతో మొదలైన ఆ పథకం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఆయా రాష్ట్రాల అర్హుల జాబితాలో ఉన్న కుటుంబాలకే. హౌరా చిరునామాతో ఉన్న పెన్షనర్ సంక్రాంతికి ఊరికి వచ్చి జబ్బుపడితే, పక్కింటివారికి ఉచితంగా జరిగే ఆపరేషన్‌కే ఆయన డబ్బు కట్టాల్సి రావచ్చు.

టాప్-అప్, సూపర్ టాప్-అప్: తేడా ఎక్కడ?

ఖాళీలు తెలిశాయి కాబట్టి ఇప్పుడు పాలసీల సంగతి చూద్దాం. అదనపు బీమా అనగానే ఎక్కువగా వినిపించే పేర్లు టాప్-అప్, సూపర్ టాప్-అప్. రెండింటిలోనూ 'డిడక్టిబుల్' అనే మొత్తం ఉంటుంది. ఆ మొత్తం దాటిన ఖర్చునే కంపెనీ ఇస్తుంది. దాటేవరకు బిల్లు మనం కట్టుకోవాలి, లేదా మరో పాలసీ కట్టాలి. అందుకే వీటి ప్రీమియం తక్కువ.

ఒక లెక్క చూద్దాం. డిడక్టిబుల్ రూ.5 లక్షలు అనుకుందాం. ఒకే ఏడాదిలో పెన్షనర్ మూడుసార్లు ఆసుపత్రిలో చేరారు. విశాఖలో రూ.3 లక్షలు, హైదరాబాద్‌లో రూ.4 లక్షలు, కోల్‌కతాలో రూ.2.5 లక్షలు. మొత్తం రూ.9.5 లక్షలు.

టాప్-అప్‌లో ప్రతి అడ్మిషన్‌నూ విడిగా లెక్కిస్తారు. ఏ ఒక్క బిల్లూ రూ.5 లక్షలు దాటలేదు కాబట్టి వచ్చేది సున్నా. సూపర్ టాప్-అప్‌లో ఏడాది మొత్తాన్ని కలిపి చూస్తారు. రూ.9.5 లక్షల్లోంచి రూ.5 లక్షలు పోగా రూ.4.5 లక్షలు వస్తాయి. తరచూ తిరిగేవారికి ఒకే జబ్బుకు రెండు మూడు ఊళ్లలో బిల్లులు పడే అవకాశం ఎక్కువ. కాబట్టి ఈ రెండింటిలో ఎంచుకోవాల్సి వస్తే సూపర్ టాప్-అప్పే మేలు.

రైల్వే కార్డు ఉన్నవారు ఇక్కడ ఒక విషయం మరిచిపోతుంటారు. డిడక్టిబుల్ దాటినట్టు కంపెనీకి బిల్లులతో చూపించాలి. రైల్వే ఆసుపత్రిలో జరిగే వైద్యానికి మామూలుగా ప్రైవేటు ఆసుపత్రిలో ఇచ్చేలాంటి బిల్లు చేతికి రాదు. గార్డెన్ రీచ్‌లో 10 రోజులు ఉండి పెద్ద వైద్యమే చేయించుకున్నా, అది డిడక్టిబుల్ లెక్కలోకి రాకపోవచ్చు. ఇతర పథకాల కింద జరిగిన ఖర్చును ఎలా లెక్కిస్తారో పాలసీ కొనే ముందే కంపెనీని ఈమెయిల్‌లో అడిగి, వచ్చిన జవాబును దాచుకోవాలి.

రెండో సంగతి ఇంకా ముఖ్యం. రూ.5 లక్షల డిడక్టిబుల్ ఉన్న పాలసీ, టెక్కలిలోనో శ్రీకాకుళంలోనో వచ్చే రూ.2 లక్షల ఎమర్జెన్సీ బిల్లుకు ఒక్క రూపాయి కూడా ఇవ్వదు. రైల్వే పెన్షనర్‌కు మొదటి ఖాళీ సరిగ్గా అక్కడే ఉంది. కాబట్టి వారికి నప్పేది చిన్న బేస్ పాలసీ, దానిమీద సూపర్ టాప్-అప్. లేదా తక్కువ డిడక్టిబుల్ ఉన్న సూపర్ టాప్-అప్ తీసుకుని, ఆ డిడక్టిబుల్ మొత్తాన్ని వెంటనే తీయగలిగే ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా పక్కన పెట్టుకోవడం.

బేస్ పాలసీల్లో పోల్చి చూసుకోవడానికి 'ఆరోగ్య సంజీవని' ఒక కొలమానంలా పనికొస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన ఈ పాలసీ షరతులు ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా ఒకటే. మారేది ప్రీమియం ఒక్కటే. ప్రతి క్లెయిమ్‌లో 5 శాతం పాలసీదారు భరించాలి. గది అద్దె బీమా మొత్తంలో 2 శాతం, రోజుకు గరిష్ఠంగా రూ.5,000. ఏ ఏజెంటు ఏ పాలసీ చూపించినా, 'ఇది ఆరోగ్య సంజీవని కంటే ఎక్కడ మెరుగు?' అని అడిగితే అసలు విషయం బయటికొస్తుంది.

తరచూ తిరిగేవారు తప్పక చదవాల్సిన షరతులు

జోన్: కొన్ని పాలసీల్లో నగరాలను జోన్లుగా విడదీసి ప్రీమియం నిర్ణయిస్తారు. తక్కువ ప్రీమియం జోన్‌లో కొని, ఎక్కువ ప్రీమియం జోన్‌లోని నగరంలో చికిత్స పొందితే బిల్లులో కొంత శాతం పాలసీదారు కట్టాలి. అది 20 శాతం అనుకుంటే, రూ.6 లక్షల బిల్లులో రూ.1.2 లక్షలు సొంత జేబులోంచి పోతాయి. ఒకే ఊళ్లో ఉండేవారికి ఈ షరతు పట్టదు. ఏడాదిలో నాలుగు నెలలు పిల్లల దగ్గర ఉండేవారు మాత్రం ఆ నగరం ఏ జోన్‌లో ఉందో చూసుకోవాలి. కాస్త ఎక్కువ కట్టి దేశమంతా ఒకే లెక్క ఉన్న పాలసీ తీసుకోవడం మంచిది.

సీనియర్ల కో-పే: వృద్ధుల కోసం ప్రత్యేకంగా అమ్మే పాలసీల్లో ప్రతి క్లెయిమ్‌లో 10 నుంచి 30 శాతం వరకు పాలసీదారే భరించాలనే షరతు కనిపిస్తుంటుంది. జోన్ కో-పే దీనికి అదనంగా పడుతుందో లేదో కూడా అడగాలి.

గది అద్దె: పరిమితి దాటిన గది తీసుకుంటే కోత అద్దెతో ఆగదు. డాక్టరు ఫీజు, ఆపరేషన్ థియేటర్ వంటి గదిని బట్టి మారే ఖర్చులన్నీ అదే నిష్పత్తిలో తగ్గుతాయి. పరిమితి రోజుకు రూ.5,000 ఉండగా రూ.8,000 గదిలో చేరారనుకుందాం. అలాంటి ఖర్చులు రూ.2 లక్షలైతే కంపెనీ ఇచ్చేది రూ.1.25 లక్షలే. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షల ఖర్చులకు మాత్రం ఈ దామాషా కోత వర్తించదు. టెక్కలిలో చాలే పరిమితి హైదరాబాద్‌లో చాలకపోవచ్చు. కాబట్టి వెళ్లే ఊళ్లన్నిటిలో ఖరీదైన ఊరిని బట్టి పరిమితిని ఎంచుకోవాలి.

నెట్‌వర్క్ ఆసుపత్రులు: కంపెనీకి దేశంలో ఎన్ని వేల ఆసుపత్రులు ఉన్నాయన్నది ప్రకటనకే పనికొస్తుంది. సొంతూరికి గంట దూరంలో ఏది ఉంది, పిల్లల ఇంటికి దగ్గరలో ఏది ఉంది అన్నదే చూడాలి. 2024 జనవరిలో జనరల్ ఇన్సూరెన్స్ కౌన్సిల్ 'క్యాష్‌లెస్ ఎవ్రీవేర్' పేరుతో నెట్‌వర్క్‌లో లేని ఆసుపత్రుల్లోనూ నగదు రహిత వైద్యానికి వీలు కల్పించింది. ముందే అనుకున్న చికిత్స అయితే చేరడానికి 48 గంటల ముందు, ఎమర్జెన్సీ అయితే చేరిన 48 గంటల్లోపు కంపెనీకి తెలపాలి. అయితే ఆసుపత్రి, కంపెనీ రెండూ ఒప్పుకోవాలి. కాబట్టి దీన్ని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు.

వెయిటింగ్ పీరియడ్: పాలసీ తీసుకునేనాటికే ఉన్న జబ్బులకు గరిష్ఠంగా 36 నెలల వరకు కవరేజీ ఉండకపోవచ్చు. 2024 ఏప్రిల్‌కు ముందు ఇది 48 నెలలు. కంటి శుక్లం, హెర్నియా, మోకీలు మార్పిడి వంటి వాటికీ విడిగా వెయిటింగ్ ఉంటుంది.

ఎప్పుడు కొనాలి? రిటైరయ్యాకా, ముందా?

బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో నిబంధనలు మార్చింది. కొత్త పాలసీకి కనీసం 65 ఏళ్ల వరకు అవకాశం ఇవ్వాలన్న పాత కొలతను తీసేసింది. ఇప్పుడు ఏ వయసువారికైనా కంపెనీలు పాలసీ ఇవ్వొచ్చు. అంతమాత్రాన అందరికీ ఇచ్చి తీరాలని కాదు. ఆరోగ్య పరీక్షలు చేసి కాదనే హక్కు కంపెనీకి ఉంటుంది.

60 ఏళ్లు దాటినవారికి ప్రీమియం విషయంలో కొంత రక్షణ దొరికింది. నియంత్రణ సంస్థను సంప్రదించకుండా ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదని 2025 జనవరిలో కంపెనీలను ఆదేశించింది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద 18 శాతం జీఎస్టీ కూడా పోయింది. పాత పన్ను విధానంలో ఉన్న సీనియర్ సిటిజన్లు ఏడాదికి రూ.50,000 వరకు ఆరోగ్య బీమా ప్రీమియాన్ని ఆదాయంలోంచి మినహాయించుకోవచ్చు.

రైల్వే ఉద్యోగికి అన్నిటికంటే మంచి సమయం రిటైర్‌మెంట్‌కు రెండు మూడేళ్ల ముందు. అప్పుడు పాలసీ తీసుకుంటే వెయిటింగ్ పీరియడ్ నడుస్తున్నంతకాలం రైల్వే వైద్యం ఆదుకుంటుంది. ప్రయాణాలు మొదలయ్యేసరికి పాలసీ పూర్తిగా అమల్లోకి వస్తుంది. 60 దాటాక కొనేవారికి కూడా ఈ లాభం పూర్తిగా పోదు. వెయిటింగ్ మూడేళ్లూ రైల్వే కార్డు ఉంటుంది, కాకపోతే ఆ మూడేళ్లలో దూర ప్రయాణాలకు పాత జబ్బుల రక్షణ లేనట్టే.

బీపీ, షుగర్, కిడ్నీ సమస్యలను దరఖాస్తులో దాచకూడదు. రైల్వే ఆసుపత్రిలో ఏళ్ల తరబడి మందులు తీసుకున్న రికార్డు ఉంటుంది. క్లెయిమ్ సమయంలో అది బయటికి రాక తప్పదు. పాలసీ వరుసగా 60 నెలలు నడిచాక, మోసం జరిగిందని రుజువైతే తప్ప వివరాలు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు. కానీ ఆ ఐదేళ్లలోపే ఆసుపత్రిలో చేరాల్సి వస్తే దాచిన జబ్బే పాలసీ రద్దుకు దారితీస్తుంది. కిడ్నీ వ్యాధులు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం మూలాలున్నవారు పాలసీ తీసుకునే ముందు క్రియాటినిన్ పరీక్ష చేయించుకుని, వచ్చిన ఫలితాన్ని ఉన్నదున్నట్టు రాయడం మేలు.

రైలు టికెట్‌తో వచ్చే 45 పైసల బీమా చాలదా?

ఐఆర్‌సీటీసీలో ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకునేటప్పుడు కోరుకుంటే ఒక్కొక్కరికి 45 పైసలతో ప్రయాణ బీమా వస్తుంది. మరణానికి, పూర్తి శాశ్వత వైకల్యానికి రూ.10 లక్షలు, పాక్షిక శాశ్వత వైకల్యానికి రూ.7.5 లక్షలు, గాయాలతో ఆసుపత్రిలో చేరితే రూ.2 లక్షల వరకు ఇస్తారు. నామినీ వివరాలు తప్పక నింపాలి.

ఇది రైలు ప్రమాదాలకు, రైల్వే చట్టం ప్రకారం అవాంఛనీయ ఘటనలకు మాత్రమే. బెర్తులో పడుకున్నవారికి గుండెపోటు వస్తే ఇందులోంచి ఏమీ రాదు. కౌంటర్‌లో తీసుకున్న టికెట్‌కు ఈ సదుపాయం లేదు. తరచూ రైలెక్కేవారు దీనికి బదులు ఏడాదంతా, ఎక్కడ ప్రమాదం జరిగినా వర్తించే వ్యక్తిగత ప్రమాద బీమా విడిగా తీసుకోవడం మంచిది. దాని ప్రీమియం ఆరోగ్య బీమాతో పోలిస్తే చాలా తక్కువ. రైల్లో ఉండగా ఒంట్లో బాగోలేకపోతే 139కి ఫోన్ చేయాలి.

విదేశానికి వెళ్తే?

ఇక్కడి రైల్వే కార్డు గానీ, మామూలు ఆరోగ్య పాలసీ గానీ విదేశంలో పనిచేయవు. ప్రతి ప్రయాణానికీ విడిగా విదేశీ ప్రయాణ బీమా తీసుకోవాల్సిందే. యూరప్‌లో షెంజెన్ వీసాకు కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. అమెరికా విజిటర్ వీసాకు అలాంటి నిబంధన లేదు. వైద్యం మాత్రం అక్కడే ఎక్కువ ఖరీదు.

పెద్దవారి పాలసీల్లో మూడు విషయాలు చూడాలి. ఒకటి, పాత జబ్బులు. చాలా పాలసీలు వాటికి డబ్బు ఇవ్వవు, లేదా ప్రాణాపాయం తప్పేవరకు మాత్రమే ఇస్తాయి. అమెరికాలో అమ్మే విజిటర్ పాలసీల్లో పాత జబ్బు 'ఉన్నట్టుండి తిరగబెడితే' ఒక పరిమితి వరకు ఇస్తారు. ఆ పరిమితి వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. రెండు, ఉప పరిమితులు. పాలసీ మీద లక్ష డాలర్లు అని ఉన్నా గదికి రోజుకు ఇంత, సర్జన్‌కు ఇంత అని విడివిడిగా కోత పెట్టే రకం ఒకటుంది. మొత్తం బిల్లులో శాతం చొప్పున ఇచ్చే రకం మరొకటి. రెండో రకం ప్రీమియం ఎక్కువైనా అమెరికాకు అదే నయం. మూడు, వ్యవధి. ఆరు నెలలు ఉండేవారు పాలసీ ఎన్ని రోజులకు ఇస్తారో, మధ్యలో క్లెయిమ్ వచ్చాక పొడిగిస్తారో లేదో ముందే అడగాలి. భౌతికకాయాన్ని స్వదేశానికి తరలించే ఖర్చు ఉందో లేదో కూడా చూడాలి. మాట్లాడుకోవడం కష్టమే కానీ, పిల్లల మీద ఒకేసారి పడే పెద్ద భారం అదే.

గ్రీన్‌కార్డు ఉన్న తల్లిదండ్రుల లెక్క వేరు

పిల్లల దగ్గర స్థిరపడి గ్రీన్‌కార్డు పొందిన తల్లిదండ్రులకు 65 ఏళ్లు నిండి, అమెరికాలో వరుసగా ఐదేళ్లు నివసించి ఉంటే ప్రీమియం కట్టి మెడికేర్‌లో చేరే వీలుంది. వీరికి ఖాళీ తిరగబడుతుంది. అమెరికాలో రక్షణ ఉంటుంది, ఇండియాకు వచ్చినప్పుడే ఉండదు. అసలు మెడికేర్, కొన్ని అరుదైన సందర్భాల్లో తప్ప, ఆ దేశం బయట జరిగిన వైద్యానికి డబ్బు ఇవ్వదు.

మెడికేర్‌కు అదనంగా తీసుకునే 'మెడిగ్యాప్' పాలసీల్లో సి, డి, ఎఫ్, జి, ఎం, ఎన్ ప్లాన్లలో విదేశీ ఎమర్జెన్సీ సదుపాయం ఉంది. వీటిలో సి, ఎఫ్ ప్లాన్లను 2020 జనవరి 1 తర్వాత మెడికేర్‌కు అర్హత పొందినవారికి అమ్మరు. మొదటి 250 డాలర్లు పోగా ఖర్చులో 80 శాతం ఇస్తారు. జీవితకాల పరిమితి 50,000 డాలర్లు. ఇది ప్రయాణంలో మొదటి 60 రోజుల్లో మొదలైన ఎమర్జెన్సీకే వర్తిస్తుంది. సంక్రాంతికి వచ్చి ఉగాది వెళ్లాక తిరిగి వెళ్దామనుకునేవారికి ఆ 60 రోజులు మధ్యలోనే అయిపోతాయి. అలాంటివారు ఇండియాలో పనిచేసే పాలసీ ఒకటి ఇక్కడ కొనసాగించుకోవడం మంచిది. విదేశానికి వెళ్లిపోతున్నామని ఇక్కడి పాత పాలసీ రెన్యువల్ మానేస్తే, తర్వాత వెయిటింగ్ పీరియడ్ మళ్లీ మొదటి నుంచి లెక్కించాల్సి వస్తుంది.

ఎవరికి ఏది నప్పుతుంది?

ఏడాదిలో ఒకటి రెండుసార్లు సొంతూరికి వెళ్లి, మిగతా కాలం హౌరాలోనే ఉండే రైల్వే దంపతులకు చిన్న బేస్ పాలసీ, వ్యక్తిగత ప్రమాద బీమా, చేతికందే నగదు చాలు. పెద్ద వైద్యం అవసరమైతే వెనక్కి వచ్చి రైల్వే ఆసుపత్రిలో చేయించుకోవచ్చు.

నెలల తరబడి పిల్లల నగరంలో ఉండేవారికి బేస్ పాలసీ మీద సూపర్ టాప్-అప్ అవసరం. జోన్ కో-పే లేనిది, గది పరిమితి ఆ నగరానికి సరిపోయేది చూసుకోవాలి.

ఏటా విదేశం వెళ్లేవారు స్వదేశంలో పై ఏర్పాటు ఉంచుకుని, ప్రతి ప్రయాణానికీ విడిగా పాలసీ కొనుక్కోవాలి. విదేశీ పాలసీ ఉందని ఇక్కడిది మానేయడం పొరపాటు.

రైల్వే కార్డు గానీ, మరే ప్రభుత్వ వైద్య పథకం గానీ లేనివారికి ఈ సలహా సరిపోదు. వారికి డిడక్టిబుల్ లేని పూర్తి స్థాయి పాలసీయే ముందు కావాలి. అదనపు బీమా ఆలోచన దాని తర్వాతే.

బయల్దేరే ముందు, క్లెయిమ్ వచ్చాక

ఉమీద్ కార్డు, పాలసీ నంబరు, కంపెనీ హెల్ప్‌లైన్, వాడుతున్న మందుల జాబితా ఒకే కాగితం మీద రాసి ఇద్దరి దగ్గరా చెరో ప్రతి ఉంచుకోవాలి. వెళ్లే ఊళ్లో దగ్గరి రైల్వే ఆసుపత్రి, నెట్‌వర్క్ ఆసుపత్రి పేర్లు అదే కాగితంలో ఉండాలి. ఒకరు స్పృహలో లేనప్పుడు రెండోవారికి పనికొచ్చేది ఆ కాగితమే.

నగదు రహిత వైద్యానికి దరఖాస్తు అందిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి సమయంలో తుది అనుమతి మూడు గంటల్లోపు ఇవ్వాలి. ఇది 2024 మేలో ఐఆర్‌డీఏఐ పెట్టిన నియమం. కొత్త పాలసీ పత్రం అందాక 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయొచ్చు. ఆ నెల రోజుల్లోనే జోన్, కో-పే, గది అద్దె షరతులు చదివేయాలి.

ఒకే బిల్లుకు రైల్వే నుంచి, కంపెనీ నుంచి రెండుసార్లు పూర్తి డబ్బు రాదు. ఒకచోట వచ్చింది పోగా మిగిలినదానికి రెండోచోట అడగాలంటే మొదటిచోట ఇచ్చిన సెటిల్‌మెంట్ లెటర్, ధ్రువీకరించిన బిల్లుల నకళ్లు కావాలి. అసలు బిల్లులు ఇచ్చేసే ముందే నకళ్లు తీసి పెట్టుకోవాలి.

క్లెయిమ్ అన్యాయంగా తిరస్కరించారనిపిస్తే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. గడువులోగా సరైన జవాబు రాకపోతే 'బీమా భరోసా' పోర్టల్‌లో గానీ, 155255 నంబరులో గానీ ఐఆర్‌డీఏఐకి చెప్పవచ్చు. ఆ తర్వాత బీమా అంబుడ్స్‌మన్ ఉన్నారు. పశ్చిమ బెంగాల్ వారికి కోల్‌కతాలో, రెండు తెలుగు రాష్ట్రాల వారికి హైదరాబాద్‌లో కార్యాలయాలు ఉన్నాయి. ఫిర్యాదుకు ఫీజు లేదు, లాయరు అవసరం లేదు. రూ.50 లక్షల వరకు పరిహారం ఇప్పించే అధికారం వారికి ఉంది.

పాలసీ మీద సంతకం చేసే ముందు చేయాల్సిన చివరి పని ఒకటుంది. వచ్చే ఏడాదిలో వెళ్లబోయే ఊళ్లన్నీ ఒక కాగితం మీద వరుసగా రాయాలి. ఒక్కో ఊరి ఎదురుగా, అక్కడ అర్ధరాత్రి ఆసుపత్రిలో చేరాల్సి వస్తే మొదటి రూ.2 లక్షలు ఎవరు కడతారో రాయాలి. జవాబు దొరకని ఊళ్లకే అదనపు బీమా కావాలి.